గంప కింది పుంజు

ఉదయగిరి,
1978 జూలై 10

తమ్ముడు మాల్యాద్రికి,

దేవుని కాపుదల నీ ఇంటి మీద ఉండాలి.

మొన్న శుక్రవారం పొద్దుటి సంగతి రాస్తాను. ఆ పొద్దున ఏ విశేషమూ జరగలేదు. అయినా నాలుగు రోజులుగా మనసులోంచి పోవడం లేదు.

గురువారం సాయంత్రం వాన పట్టింది. పుంజును వంటపాకలో గంప కింద కప్పాను. జల్లు పడకుండా గంప మీద గోనెపట్ట రెండు మడతలు వేశాను. తలుపు మూశాను. లోపల వేలు పెడితే వేలు కనపడదు. అయినా వేళ తప్పకుండా రెండోసారి కూసింది. లేచి మొహం కడుక్కొని మన మిషను గుడికి వెళ్ళి గంట కొట్టాను. నాయన కొట్టినట్టే పన్నెండు. ఆయన పోయినప్పటినుంచి తాడు నా చేతిలోనే ఉంది గదా. కోట కొండ ఇంకా మబ్బులోనే ఉంది. తిరిగొచ్చి గంప ఎత్తి పుంజును బయటికి తోలి, పొయ్యి రాజేసి కాఫీ పెట్టుకున్నాను. గోడ అవతల మహబూబ్ సుభాని గరిటెలు చెక్కడం మొదలుపెట్టాడు. ఆకురాయి చప్పుడు వినపడింది.

అప్పుడు కొళాయి బాగుచేసే రమణయ్య వచ్చాడు. విప్పి చూసి, "కాక్ పోయిందక్కా. కొత్త కాక్ ఎయ్యాల" అన్నాడు.

"కాక్ అంటే పుంజు గదా రమణయ్యా?"

"అదంతా నాకేం తెల్సక్కా. షాపోడు కాక్ అంటాడు, నేనూ కాక్ అంటా. నీళ్ళు ఆగితే సాలు."

గోడ మీదుగా సుభాని తల పెట్టాడు. "మా తాత తుపాకికి గూడా ఉండాదక్కా ఒక కాకు. లైసెన్సు కాగితంలో రాసుండాది. మేం మాత్రం ఘోడా అంటాం."

అంతలో అసలు పుంజు ఎగిరొచ్చి గొట్టం మీద కూర్చుంది. ముగ్గురం నవ్వాం.

ఇంతేరా. కానీ చీకట్లో గంప కింద ఉన్నదానికి వెలుగు వస్తుందని ఎవరు చెప్పారు? కొళాయికీ తుపాకికీ దాని పేరు ఎందుకు పెట్టారు? నువ్వు ఇంగ్లీషు మాస్టరువి. చూసి రాయి.

ఈ పుంజు గుడి కోత పండుగ వేలానికి కానుకగా వదిలింది. కాలికి తెల్ల పీలిక కట్టాను. ఎవరి పేరున వదిలావని అడగకు. వేలం నాటిదాకా చెప్పరాదని నీకు తెలుసు. నాయన పుంజును పైకెత్తి, దాని రంగు చెప్పి వేలం పాట మొదలుపెట్టేవాడు. గుర్తుందా?

అక్క,
హన్నమ్మ


ఆత్మకూరు,
1978 జూలై 22

అక్కకు మాల్యాద్రి నమస్కారాలు. ఇక్కడ నీ మరదలు శీనమ్మా, నీ మేనకోడలు లిదియా క్షేమం. బడి తెరిచారు. ఈ ఏడు పదో తరగతిలో యాభైమంది.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే లిదియను పక్కన కూర్చోబెట్టుకొని పెద్ద నిఘంటువు తీశాను. ఒక్క మాటకు ఒకటిన్నర పుట ఉందక్కా! వారం పట్టింది. మా ఇంట్లో అందరూ ఆ పక్షి మీదే బతికాం.

కొళాయి, తుపాకి, పుంజు, మూడూ ఒకటే మాట. పాతకాలపు కొళాయి పిడి చూడు. పైన కిరీటం, ముందుకు ముక్కు. చూసినవాడికి పుంజు తల కనపడింది, ఆ పేరే పెట్టేశాడు. పాత తుపాకిలో చెకుముకి రాయిని పట్టుకొని కొట్టే ఇనుప ముక్క కూడా అంతే. వెనక్కి లాగితే మెడ ఎత్తిన పుంజు, వదిలితే గింజను పొడిచిన పుంజు. అదే ముక్కలో మనవాళ్ళకు గుర్రం కనిపించింది. తుపాకి గుర్రం అంటాం గదా, సుభాని ఘోడా అదే. ఒకే ఇనుము. సముద్రానికి అటు పుంజు, ఇటు గుర్రం. ఇది విని ఆ పుటను మళ్ళీ మొదటినుంచి అందుకున్నాం.

త్రాసు ముల్లునూ ఆ మాటతో పిలిచారట. రాతి మీద నీడ చూసి పొద్దు చెప్పే పాత గడియారం ఉంటుందే, అందులో నీడ వేసే రేకుకూ అదే పేరు. పొద్దు చెప్పే పని దానికి అక్కడ కూడా తప్పలేదు.

మరి పక్షికి ఆ పేరు ఎక్కడిది? అక్కడే ఉంది అసలు వింత. వెనక్కి వెనక్కి పోతే ఆ మాటకు అమ్మా నాన్నా లేరు. కూత ఒక్కటే ఉంది. ఫ్రెంచివాళ్ళ మాటా అదే చప్పుడు. మన సంస్కృతంలో కుక్కుటం. ఎవరు ఎవరి దగ్గర తెచ్చుకున్నారో గాని, మొదట అందరూ దాని నోటనే విన్నారు.

ఇంకా రెండు అర్థాలు ఉన్నాయి. అక్కకు రాయదగినవి కావు.

ఆ పుంజు ఏ రంగక్కా? నెమలా, డేగా, కాకా? చిన్నప్పుడు గోడ మీదున్న దాని రెక్క చూసి జాతి చెప్పేవాణ్ణి.

తమ్ముడు,
మాల్యాద్రి


ఉదయగిరి,
1978 ఆగస్టు 5

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి ప్రార్థనకు ముందు, రెండుసార్లు తర్వాత.

ఆదాము జంతువులన్నిటికీ పేర్లు పెట్టాడని చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఇదొక్కటి మాత్రం తన పేరు తానే చెప్పి ఉంటుంది. ఆయన విని ఊరుకొని ఉంటాడు. ఇన్నాళ్ళూ పొద్దున్నే అది నన్ను లేపుతోందనుకున్నాను. తన పేరు చెబుతోందని ఇప్పుడు తెలిసింది. ఈ నాలుగు రోజులుగా కూత వినపడగానే పక్క మీద కూర్చొని చేతులు జోడిస్తున్నాను.

రాయదగని అర్థాలు రాయకు. ఒకటేదో నాకు తెలుసు. పెళ్ళి చేసుకోకపోయినా యాభై ఆరేళ్ళు బతికాను.

మిషను కాంపౌండులో ఉండిన అమెరికా దొరసానమ్మ మన కోళ్ళను చూపించి రూస్టరు, రూస్టరు అనేది. కాక్ అని ఒక్కసారీ అనలేదు. ఎందుకు? ఆమె ఒకసారి నాయనకు వాళ్ళ ఊరి గుడి బొమ్మ చూపింది. శిఖరం మీద పుంజు ఉంది. అదెందుకో కూడా చూసి రాయి.

నీ అక్షరాలు పెద్దవయ్యాయి. లైను కట్ట దిగినట్టు దిగిపోతోంది. ఒంట్లో బాగుందా?

పుంజును ఎదురుగా పెట్టుకొని సుభాని ఒక బొమ్మ చెక్కాడు. బస్సు కండక్టరు తిరుపాలు చేతికి ఇచ్చి పంపుతున్నాను.

అక్క


ఆత్మకూరు,
1978 ఆగస్టు 20

అక్కకు నమస్కారాలు.

తిరుపాలు బొమ్మను బడికే తెచ్చి ఇచ్చాడు. "మాస్టరుకు ఉదయగిరి కోడి వచ్చిందిరా, కూర ఎప్పుడు?" అని స్టాఫ్ రూమంతా ఒకటే గోల. పేపరు నేనే విప్పాను. సుభాని చేతికి దణ్ణం పెట్టాలి. కిరీటానికి ఏడు పళ్ళు. కాలి వెనక ముల్లు గుచ్చుకుంటుందేమో అన్నట్టుంది. తోక గరిటె కాడలా వంగింది. ఉదయగిరి కొయ్య వాసన ఇంకా పోలేదు. పాఠం చెప్పేటప్పుడు కూడా జేబులోనే ఉంటోంది.

నువ్వడిగినవి. దొరసానమ్మ ఆ మాట ఎందుకు మింగేసిందంటే, నేను నీకు రాయని అర్థం వల్లే. మర్యాదస్థులు ఆ మాట అనడానికి సిగ్గుపడి, కొమ్మ మీద కూర్చునేది అనే అర్థంలో రూస్టరు అన్నారు. పేరు మార్చారు గాని కూత మార్చలేకపోయారు.

గుడి శిఖరం మీది పుంజు వెయ్యేళ్ళ పైమాట. రేకుతో చేసి ఇరుసు మీద నిలబెడతారు. గాలి ఎటు వస్తే అటు తిరుగుతుంది. వాన సంగతి రైతుకు చెబుతుంది. పేతురు తన గురువును ఎరగనని మూడుసార్లు బొంకి, కోడి కూత విని ఏడ్చాడు గదా. లోపలికి వచ్చేవాడికి అది గుర్తుండాలని పెట్టారని కూడా అంటారు. ఒక్క రేకు ముక్క రైతుకు ఒకటి చెబుతుంది, పాపికి ఇంకొకటి.

వాళ్ళు గడ్డికుప్పనూ కాక్ అంటారు. అదీ ఈ పుంజేననుకొని సంబరపడ్డాను. కాదట. కుప్ప అనే అర్థమున్న వేరే మాట అయి ఉంటుందట, వేరే వంశం. రూపు ఒకటైనంత మాత్రాన రక్తసంబంధం కాదు.

అక్షరాల సంగతి అడిగావు. పాళీ విరిగింది. అంతకన్నా ఏమీ లేదు.

ఇంతకీ ఆ పుంజు రంగేమిటో నువ్వు రాయనే లేదు. చెప్పక్కా, ఊరించకు.

తమ్ముడు,
మాల్యాద్రి


ఉదయగిరి,
1978 సెప్టెంబరు 2

మాల్యాద్రీ,

సుభాని ఆ బొమ్మకు, నీకు పంపకముందే, రంగు వేశాడు.

"ఉదయగిరి కొయ్యకు రంగెయ్యడం మా తాతల కాడ్నుంచి లేదక్కా. మాస్టరు రంగడిగినాడని చెప్పినావు గాబట్టి ఏసినా" అన్నాడు. రెక్కకు రెక్క, మెడకు మెడ, పుంజు ఎట్లా ఉందో అట్లాగే వేశాడు. నా ఎదుటే ఆరబెట్టాడు.

అది నీ జేబులో ఉంది. నువ్వు నన్ను రంగడుగుతున్నావు.

లిదియను రంగు అడగకు. ఆమె చేత నాకు నిజం రాయించు.

అక్క


ఆత్మకూరు,
1978 సెప్టెంబరు 9

అక్కకు,

అక్షరాలు లిదియవి. మాటలు నావి.

ఉదయగిరి కొయ్యకు రంగు ఉండదనే నమ్మకంతో దొరికిపోయాను. పుట్టి పెరిగిన ఊరి పద్ధతే నన్ను పట్టించింది. నీ ఉత్తరం చదివి లిదియ ఏడ్చింది. నాకు మాత్రం మొదట నవ్వొచ్చింది.

రెండు కళ్ళకూ పొర కమ్మింది. వెలుతురు తెలుస్తుంది, మనిషి వచ్చాడని తెలుస్తుంది. మొహాలూ రంగులూ పాలలో పడ్డట్టుంటాయి. నిఘంటువంతా లిదియే చదివింది. రాయదగని అర్థాల దగ్గర, "నాన్నా, ఇక్కడ రెండు లైన్లు వదిలేస్తా" అంది. బళ్ళో పిల్లల చేత పాఠం చదివించి, విని దిద్దుతున్నాను. ముప్పై ఏళ్ళుగా చెప్పిన పాఠాలు, పుటలన్నీ నోటికి వచ్చు. ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది. హెడ్‌మాస్టరుకు తెలిస్తే ఇంటికి పొమ్మంటాడు. నీకు చెప్పొద్దని వీళ్ళిద్దరి చేతా మాట తీసుకున్నాను. తప్పు నాది, వాళ్ళది కాదు.

మార్చిలో నెల్లూరు వెళ్ళాను. డాక్టరు చూసి, "కుడికన్ను పొర ముదిరింది, ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది. ఆలస్యం చేస్తే కన్నే పోతుంది" అన్నాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకొని ఆత్మకూరు బస్సెక్కాను.

ఎందుకో నీకు తెలుసు. సంతలో తిరిగే సూదివాడు పొర దించుతానని అమ్మ కన్ను పొడిచినప్పుడు తల కదలకుండా పట్టుకున్నది నేను. పదేళ్ళవాణ్ణి. "బాగా పట్టుకో అబ్బోడా" అన్నాడు. బాగానే పట్టుకున్నాను. అమ్మకు మళ్ళీ చూపు రాలేదు. నా తలను ఎవరు పట్టుకున్నా నాకు ఆ వేళ్ళే గుర్తొస్తాయి.

గంప కింది పుంజుకు వెలుగు సంగతి ఎట్లా తెలుస్తుందని అడిగావు. నిఘంటువులో లేదక్కా.

మాల్యాద్రి


ఉదయగిరి,
1978 సెప్టెంబరు 15

తమ్ముడికి,

రాసినందుకు దేవునికి స్తోత్రం.

అమ్మ సంగతి నీకు సగమే తెలుసు. నీకు చెప్పవద్దని ఆమె అనలేదు. నేనే చెప్పలేదు. ఆ మాటెత్తితే నువ్వు లేచి బయటికి పోయేవాడివి.

ఆ సూదివాడు డాక్టరు కాడు. చేతులు కూడా కడుక్కోలేదు. ఆ సాయంత్రం అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "అబ్బోడి చేతులు చల్లగా ఉండాయి. వాడి చేతులు లేకపోతే నేను అరిసి సచ్చిందాన్ని" అంది. నలభై ఏళ్ళకు పైగా నువ్వు ఆ చేతులను తప్పుపడుతున్నావు. ఆమె వాటిని తలుచుకొని దీవించింది.

ఇంకొకటి. చూపు పోయాక నాయనను గంటకు లేపింది అమ్మే. కూత వినపడేది, లేపేది. "నాకు పగలూ రాత్రీ ఒకటే అనుకుంటా ఉంటారు. ఆ కోడి ఉండాదిగా, అది నన్ను వదల్లా" అనేది. పదమూడేళ్ళలో గంట ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. ఊరు ఊరంతా ఒక గుడ్డి మనిషి లేపితే లేచింది. అది ఎవరికీ తెలియదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మోకాళ్ళ మీద నుంచి లేవబుద్ధి కాదు.

నెల్లూరు వెళ్ళు. శీనమ్మను తీసుకెళ్ళు. నేను ఆత్మకూరు వచ్చి లిదియకు తోడుంటాను.

అక్క


నెల్లూరు,
1978 సెప్టెంబరు 23

అక్కకు,

శీనమ్మ రాస్తోంది. నిన్న చేరాను. పరీక్షలు అయ్యాయి. గురువారం ఇరవై ఎనిమిదిన కుడికన్ను చేస్తామన్నారు. కాగితం మీద సంతకం పెట్టాలి. ఇంకా పెట్టలేదు. నర్సమ్మ రెండుసార్లు తెచ్చింది, రెండుసార్లూ స్నానానికి వెళ్ళాను. "ఎన్ని స్నానాలు మాస్టారూ, ఇది ఆస్పత్రా, ఏటి రేవా?" అంది.

అమ్మ అన్న మాట శీనమ్మ చేత రోజూ చదివించుకుంటున్నాను. అయినా నా ఒక్కడికి తేలడం లేదు. మీరంతా కూర్చొని ఒక మాట చెప్పండి. ఎట్లా చెబితే అట్లా చేస్తాను. చెయ్యొద్దంటే వచ్చేస్తాను.

బొమ్మ తలకింద ఉంది. రంగు ఎవరినీ అడగలేదు.

మాల్యాద్రి


ఆత్మకూరు,
1978 సెప్టెంబరు 25, సోమవారం

తమ్ముడు మాల్యాద్రికి,

శీనమ్మా, తొందరపడకుండా చదివి వినిపించు.

ఈ సాయంత్రం నీ ఇంట్లో కూర్చున్నాం. నేను, లిదియ, శీనమ్మ అన్న శీనయ్య. డిపో నుంచి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. ప్రార్థన చేసి మొదలుపెట్టాం.

శీనయ్య మొదట ఒప్పుకోలేదు. "ఉన్న మసక చూపుతో బావ మూడేళ్ళు నెట్టుకొస్తాడు గదా వదినా. కోసినాక అదీ పోతే?"

"నీ బస్సు ఎట్ట తోలతావు మామా, అద్దానికి బురద పూసుకొనా?" అంది లిదియ.

శీనయ్య దాన్ని ఎగాదిగా చూశాడు. "నీకు నోరు మీ నాయన నుంచి వచ్చింది" అన్నాడు.  చివరికి, "నేను రేపు పొద్దున బండి నెల్లూరుకే తోలతా. ఉత్తరం నేనే తీసుకుపోతా" అన్నాడు. ఒప్పుకున్నాడని అర్థమైంది.

నేను దాచింది ఒకటి చెబుతాను. వేలం నాటిదాకా చెప్పరాదు, అయినా చెబుతున్నాను. దేవుడు క్షమిస్తాడు. ఈస్టరుకు వచ్చినప్పుడు నువ్వు మన గడపను కాలితో తడిమి దాటావు. మర్నాడే ఒక పిల్లను వేరు చేసి కాలికి పీలిక కట్టాను. ఆ పుంజు నీ పేరున వదిలిందే. నీ పేరునే పెరిగింది, నీ పేరునే రోజూ కూసింది. గంప కింద కూసిన పొద్దున నేను ఎంత ఆశ్చర్యపడ్డానో అంత భయపడ్డాను. ఆ వేళ మెలకువ వచ్చి, పక్క మీదనే నీకోసం ప్రార్థన చేస్తున్నాను.

మేము అనుకున్నవి ఇవి.

గురువారం ఆపరేషన్ జరగాలి. సంతకం పెట్టు. బుధవారం లిదియను శీనయ్య ఇంట్లో ఉంచి నేను నెల్లూరు వస్తాను. లోపలికి రానిస్తే నీ తల నేను పట్టుకుంటాను. రానివ్వకపోతే తలుపు బయట ఉంటాను. నా చేతులు కూడా చల్లగానే ఉంటాయి.

హెడ్‌మాస్టరుకు సెలవు చీటీ లిదియ రాసింది. కళ్ళ సంగతి ఉన్నదున్నట్టు రాయించాను. శీనయ్య తెస్తాడు, దాని మీదా సంతకం పెట్టు. ఆ తర్వాత ఉద్యోగం ఎట్లా అయితే అట్లా అవుతుంది. అబద్ధం మీద మూడేళ్ళు వద్దు.

నేను లేనన్నాళ్ళూ ఉదయగిరిలో గంట సుభాని కొడతాడు. "నేను ఎట్టాగూ నమాజుకు లేస్తా గదక్కా. పుంజు పిలిస్తే ఇద్దరికీ ఒకటే పిలుపు" అన్నాడు. గుడి పెద్దలు కాదనలేదు. పన్నెండు కొట్టాలని నేర్పి వచ్చాను.

కోత పండుగ నవంబరు మూడో ఆదివారం. అప్పటికి నీకు కళ్ళద్దాలు ఇస్తారని శీనయ్య నెల్లూరు ఆస్పత్రిలో కనుక్కొని వచ్చాడు. నాయన పోయినప్పటినుంచి పుంజును ఎత్తి రంగు చెప్పి పాట మొదలుపెట్టేవాడు మన ఇంట్లో లేడు. ఈసారి నువ్వు ఎత్తాలి. నువ్వు రంగు చెప్పేదాకా పాట మొదలుకాదు. వానొచ్చినా, పాస్టరుగారు తొందరపెట్టినా మొదలుకాదు.

అప్పటిదాకా రంగు నీకు ఎవరూ చెప్పరు. లిదియ మాట ఇచ్చింది. శీనయ్య ఇచ్చాడు. శీనమ్మా, ఇప్పుడు నువ్వూ ఇవ్వు.

అక్క,
హన్నమ్మ